రుమాలులో తెచ్చిన పువ్వు

ఏటా మిరుగు కార్తెలో మొదటి పెద్దవాన పడిన వారానికి మా దాదా నబీసాబ్ ఖబ్రస్తాన్‌కు వెళ్లి ఒక తెల్లపువ్వును రుమాలులో చుట్టి తెచ్చి దాదీ చేతిలో పెట్టేవాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవాళ్లు కాదు. దాదీ ఆ పువ్వును గ్లాసెడు నీళ్లలో వేసి కిటికీలో పెట్టేది. మర్నాటికి వాడిపోయేది. అది మా మేనత్త నూరీ సమాధి మీది పువ్వు. అబ్బా కన్నా ముందు పుట్టి మూడు నెలలకే పోయిన పిల్ల.

దేవరుప్పులలో మా వాళ్ల సమాధుల్లో రాయి ఉన్నవి పదో పన్నెండో. మిగిలినవన్నీ మట్టి కుప్పలే, నాలుగు వానలకు నేలలో కలిసిపోతాయి. అందుకని తల దగ్గర ఒక పూలగడ్డ పాతడం మా దగ్గర అలవాటు. నూరీకీ అలాగే పాతారు. ఎక్కడ పాతారో దాదా ఒక్కడికే తెలుసు. దాదీకి తెలియదు, ఎందుకంటే మా ఊళ్లో ఆడవాళ్లు ఖబ్రస్తాన్ లోపలికి వెళ్లరు. ఇది ఎవరో పెట్టిన నియమం అనుకునేరు. ఎవరూ పెట్టలేదు, ఎవరూ అడగలేదు, అంతే. గేటు పక్కనుంచి గోడ వెంట నడిచి, రొమ్ము ఎత్తు గోడ మీద చేతులు ఆనించి దువా చేసుకుని వచ్చేస్తాం. దాదీ నలభై ఆరేళ్లు అలాగే చేసింది.

కరోనా రెండో ఏడు దవాఖానకు పోయిన దాదా నాలుగో రోజుకు ఇంటికి రాకుండానే ఖబ్రస్తాన్‌లో కొత్తగా తవ్విన మూలకు చేరాడు. నూరీ ఎక్కడుందో ఎవరికీ చెప్పే తీరిక ఆయనకు దొరకలేదు. ఆ తర్వాత మా ఇంటి కిటికీలో గ్లాసు ఖాళీగానే ఉంది.

నేను చెప్పబోయేది ముందటేడు వానాకాలం సంగతి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతున్న ఒక మధ్యాహ్నం మాజిద్ చిచ్చా మా ఇంటికి వచ్చాడు. ఆయనకు బస్టాండు దగ్గర వెల్డింగు షాపు ఉంది, ఖబ్రస్తాన్ కమిటీ పెద్ద, సదర్ కూడా ఆయనే. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మంచి మాట తేలేదని అప్పుడే అర్థమైంది.

"ఖాలా, పోయిన వానకాలం జనాజా మోసేటోళ్ల కాళ్లు జారినయి. నా కండ్ల ముందటనె శవంతోనె జనాజా ఒరిగింది. ఈసారి గేటు కాడికెల్లి ఎన్క గోడ దాక సిమెంటు బాట పోస్తున్నం. నీకు చెప్పకుంట చేసిన్రు అనొద్దని వచ్చిన."

"మంచి పనే బేటా," అంది దాదీ. "కని మట్టి ఖబర్ల మీదికెల్లి పోస్తర?"

"ఏడ ఖబరున్నదో చెప్తె బాటను పక్కకు జరుపుత. తెల్వనిదాన్ని ఎట్ల జరుపుత, నువ్వే చెప్పు."

దాదీ కొంగు సవరించుకుంది. "నా నూరీ గా దిక్కే ఉన్నదని నబీసాబ్ అనేటోడు. ఏడనో నాకు తెల్వది. నాకొక్కటే ఉన్నది మాజిద్. నన్ను నా బిడ్డ పక్కన పెట్టాలె. బాట కింద నా బిడ్డ ఉంటె నేను ఏడ పండుకోవాలె?"

మాజిద్ చిచ్చా చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "మిరుగు దాక ఆగుత ఖాలా. పెద్ద వానలు దిగితె పని నడువది. గా లోపల జాగ చూపియ్యిన్రి. చూపిస్తె నా చేతులతోని నేనే పక్కకు జరుపుత."

ఆయన వెళ్లగానే నేను నోరు తెరిచాను. నేను జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. సెలవుల్లో ఇంట్లో ఉన్నాను. మొక్కల విషయంలో ఎవరైనా ఇబ్బందిలో పడితే నాకు ఒళ్లు పులకరిస్తుంది, దాచడం ఎందుకు.

"దాదీ, నువ్వు ఫికర్ చెయ్యకు. ఆ చెట్టును నేను పట్టుకుంట," అన్నాను.

దాదా ఆ పువ్వును నర్గిస్ అనేవాడు. నర్గిస్ చలిదేశాల పువ్వు, మన ఎండలకు బతకదు, ఇది దాని దూరపు చుట్టం మాత్రమే అని నేను ఏటా సరిచేసేదాన్ని. రెంటికీ పువ్వు మధ్యలో చిన్న గిన్నె ఉంటుంది. ఆయన ఏటా తలూపి మళ్లీ నర్గిస్ అనే అనేవాడు.

చిక్కు ఏమిటంటే ఖబ్రస్తాన్ నిండా అలాంటి గిన్నె పూలే. ఎవరో ఎప్పుడో తోటల్లోంచి తెచ్చి పాతిన రకం ఒకటి ఎవరూ నీళ్లు పోయకుండానే పిల్లలు పెట్టి నేలంతా పరుచుకుంది. దాని రేకులు దారాల్లా సన్నగా, సాలీడు కాళ్లలా కిందికి వంగి ఉంటాయి. దాని ఆకు మందం, నిగనిగలాడుతుంది, ఎండాకాలంలో కూడా పచ్చగానే ఉంటుంది. నూరీ దగ్గర పాతింది అడవిరకం. ఆ పువ్వు రేకులు వెడల్పుగా, చక్కగా విచ్చుకుని ఉంటాయి, గిన్నె అంచున చిన్న పళ్లుంటాయి. దాదా తెచ్చిన పువ్వుల్లో ఎన్నోసార్లు లెక్కపెట్టాను, పన్నెండు. ఎండలకు ఆకంతా ఎండిపోయి గడ్డ మాత్రం మట్టిలో నిద్రపోతుంది. ఇదంతా మా తమ్ముడు జావేద్‌ను కూర్చోబెట్టి పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. వాడిది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు.

"ఆపా, నాకు గడ్డి అంటె గడ్డే. నువ్వే లోపటికి పోయి చూడరాదు?" అన్నాడు.

"ఆడోళ్లు పోతరారా?"

"మరి నేను ఫోటోలు తీస్త, నువ్వు చూస్కో."

అలా నా శాస్త్రమంతా మా తమ్ముడి ఫోను మీద ఆధారపడింది.

ఆ గడ్డ ఎక్కడినుంచి వచ్చిందో చూసి వద్దామని దాదీతో కొత్తగూడ బస్సెక్కాను. దాదా వయసులో ఉన్నప్పుడు కలాయి పని చేసేవాడు. ఎండాకాలం దాదీని వెంటబెట్టుకుని కొత్తగూడ అడవి ఊళ్లు తిరిగి ఇత్తడి గిన్నెలకు తగరం పూత పూసేవాడు. అక్కడి లచ్చమ్మే దాదీకి దోస్తు. నూరీ పోయిందని తెలిసి అడవిలోంచి గడ్డ తవ్వి ఇచ్చింది ఆమే.

మేం వెళ్లేసరికి లచ్చమ్మ వాకిట్లో తునికాకు కట్టలు కడుతోంది. దాదీని కొంచెంసేపు పరీక్షగా చూసింది.

"గుల్షనా? నీ పెయ్యి సగమైంది గదనే."

"నీ కండ్లు సగమైనయి లచ్చక్క. అందుకే గట్ల కనవడుతున్న."

ఇద్దరూ నవ్వుకున్నారు. దాదా పోయిన సంగతి విని లచ్చమ్మ దాదీ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత లేచి ఇంటి వెనక్కి తీసుకువెళ్లి ఒట్టి నేలను గడ్డపారతో రెండుసార్లు పొడిచింది. ఉల్లిగడ్డంత గడ్డ బయటపడింది.

"గింత ఎండల గూడ దీని పాణం పోదు బిడ్డా. మొగులు ఉరిమితె లేస్తది. ముందుగాల పువ్వే..."

"ఆకు ఎట్లుంటదవ్వా? బూడిద రంగు ఉంటదా?" అని నేను అడ్డం తగిలాను. నాకు కావలసింది ఆకు. ఖబ్రస్తాన్‌లో ఎవరూ పువ్వుల కోసం కాచుకుని కూర్చోరు కదా.

"ఆఁ. బూడిద పూసినట్టె ఉంటది, పల్చగ."

రాసుకున్నాను. తిరుగు బస్సులో దాదీ లచ్చమ్మ కట్టిచ్చిన ఇప్పపూల మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మానుకోట దాటాక నా వైపు తిరిగింది.

"నిజంగ దొరుకుతదా బిడ్డా?"

"దొరుకుతది దాదీ. ఇంత చదివింది ఎందుకు?"

జూన్ మొదటి వారంలో ఒక చిన్నవాన పడింది. అంతకుముందే కమిటీ వాళ్లు బాట కోసం ఖబ్రస్తాన్‌లో గడ్డి అంతా కోయించారు. గడ్డితో పాటు పూలచెట్ల ఆకులు కూడా మొదలంటా పోయాయి. వాన పడ్డాక అన్నీ మళ్లీ మొలకెత్తాయి. నా కాలేజీ తెరిచారు, జనగామలో గదికి వచ్చేశాను. కమిటీ వాళ్లు బాటకు సున్నంతో గీత గీసిన మర్నాడు జావేద్ నలభై మూడు ఫోటోలు పంపాడు.

ముప్ఫై ఒకటో ఫోటో దగ్గర నా చేయి ఆగింది. సున్నపు గీతకు మూడు గజాల అవతల ఒక గుంపు. లేత ఆకులు, పల్చగా, పైన బూడిద చల్లినట్టు తెల్లటి పొర. లచ్చమ్మ చెప్పినట్టే, నా పుస్తకంలో ఉన్నట్టే. వెంటనే ఫోను చేశాను.

"ఇదేరా. దీని చుట్టు రాళ్లు పెట్టు."

"పక్కానా ఆపా? పూసేదాక ఆగుదమా?"

"ఆకు చూసి చెప్పలేకపోతె నేనెందుకురా పాఠాలు చెప్పుడు?"

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. జావేద్ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి గల్లీ అంతటికీ నూరీ ఖబర్ దొరికిందని తెలిసిపోయింది. మాజిద్ చిచ్చా కూడా సంతోషించాడట. గీతకు అడ్డం లేదు కదా, దాని పక్కనే ఖాలాకు జాగ ఉంచుతా అన్నాడట. పని మొదలైంది.

దాదీ ప్రతి సాయంత్రం ఆ రాళ్లకు ఎదురుగా గోడ బయట రెండు ఇటుకలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అమ్మీ ఫోనులో చెప్పింది. "మగ్రిబ్ నమాజు దాక ఆడనే కూసుంటుంది. తస్బీ పూసలు తిప్పుకుంట ముచ్చట పెడుతది. ఎన్నేండ్లకో కడుపునిండ తింటుంది." నేను ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

తర్వాతి వారం మొదట్లో పెద్దవాన పడింది. శనివారం సాయంత్రం ఊరికి వచ్చి, సంచి ఇంట్లో పడేసి నేరుగా గోడ దగ్గరికి వెళ్లాను. దాదీ ఇటుకల మీద కూర్చుని ఉంది. పనివాళ్లు వెళ్లిపోయారు. సిమెంటు బాట గేటు దగ్గర నుంచి సగం దూరం వచ్చి ఆగి ఉంది.

"వాసన వస్తుందా బిడ్డా?" అంది దాదీ. "నబీసాబ్ రుమాల్ల ఉండేటి వాసన."

వస్తోంది. నేను గోడ మీద చేతులు ఆనించి లోపలికి చూశాను. రాళ్లు పెట్టిన గుంపులో పువ్వు లేదు. సిమెంటు ఆగినచోటి నుంచి పది అడుగుల అవతల, సరిగ్గా వాన వెలిశాక మళ్లీ గీసిన రెండు సున్నపు గీతల మధ్య, ఒట్టి నేలలోంచి ఒక కాడ లేచి ఉంది. దాని మీద నాలుగు తెల్లపూలు. చుట్టూ ఒక్క ఆకు లేదు.

ముందుగాల పువ్వే. లచ్చమ్మ మొదలుపెట్టిన ఆ మాట వెనక సగాన్ని నేను వినలేదు. ఆకు వెనక వస్తుంది. మొలవని ఆకు కోసం నలభై మూడు ఫోటోల్లో వెతికాను.

అయినా దూరం నుంచి ఖాయంగా చెప్పలేను. జావేద్ కొట్లో ఉన్నాడు. చీకటి పడడానికి ఇంకా గంట ఉంది. నేను గోడ వెంట నడిచి గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. వెళ్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు, వెళ్లాక వెనక్కి తిరిగి గేటు వైపు ఒకసారి చూశాను. పువ్వు దగ్గర కూర్చుని గిన్నె అంచును లెక్కపెట్టాను. పన్నెండు పళ్లు. మళ్లీ లెక్కపెట్టాను.

అక్కడినుంచి నా రాళ్ల దగ్గరికి వెళ్లాను. వారం కిందటి లేత ఆకులు ఇప్పుడు మందంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. బూడిదపొర లేనే లేదు. గుంపు వెనకాలే చిరిగిన సున్నపు సంచి పడి ఉంది. గీత గీసి మిగిలిన సున్నాన్ని అక్కడే దులిపి పోయారు. వానకు అది కడుక్కుపోయింది. కోసిన చెట్టు మళ్లీ చిగురిస్తే ఏ రకం ఆకైనా పల్చగానే ఉంటుంది. ఇది నేను పాఠంగా చెప్పేదే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అది నన్ను చూసే అని ఉంటారు.

"ఏంది బిడ్డా?" అని గోడ అవతల నుంచి దాదీ పిలిచింది.

నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు పాపపు ఆలోచనే వచ్చింది. ఈ పూలు రేపటికి వాడిపోతాయి. సోమవారం పొద్దున సిమెంటు పడుతుంది. దాదీ వారం రోజులుగా కడుపునిండా తింటోంది. నేను నోరు మూసుకుంటే నా పరువు ఉంటుంది, ఆమె నెమ్మది ఆమెకు ఉంటుంది. కానీ దాదీ పోయాక ఆమెను తెచ్చి ఎవరో పరాయివాళ్ల పక్కన పెడతారు. నూరీ మీద నుంచి ఊరి జనాజాలన్నీ నడిచిపోతాయి. నాకు ఏడుపొచ్చింది. గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"దాదీ, నేను తప్పు చెప్పిన. రాళ్లు పెట్టింది నూరీ దగ్గర కాదు. ఆడ, బాట నడుమ, పూసింది చూడు, గది."

దాదీ గోడ పట్టుకుని లేచి నిలబడింది. రాళ్ల వైపు చూసింది, తర్వాత పువ్వు వైపు చూసింది. తస్బీని మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

"అంటే వారం దినాలు ఎవరి బిడ్డకో దువా చేసిన్న?"

"మాఫ్ చెయ్యి దాదీ."

"పోనీలే. గా బిడ్డకు ఎవరున్నరో లేరో."

ఆమె కదిలింది. ఇంటికి పోతుందనుకున్నాను. గోడ పట్టుకుని మెల్లగా గేటు దాకా నడిచింది. నా చెప్పుల పక్కనే తన చెప్పులు విడిచింది. నలభై ఆరేళ్లలో మొదటిసారి లోపల అడుగుపెట్టి, కొత్త సిమెంటు మీద కాకుండా దాని పక్కన మట్టిలో నడుచుకుంటూ వచ్చింది. దారిలో ఆ రాళ్ల గుంపు దగ్గర ఆగి, వంగి, ఒక ఆకును నిమిరింది. తర్వాత నూరీ దగ్గరికి వచ్చి కూర్చుంది. పువ్వును తెంపలేదు. మట్టి మీద చేయి పెట్టింది. ఆమె ఏమైనా అన్నదేమో నాకు వినపడలేదు, నేను దూరంగానే నిలబడ్డాను.

కొంతసేపటికి మాజిద్ చిచ్చా గేటులోకి వచ్చాడు. సిమెంటుకు నీళ్లు పట్టారా లేదా చూడడానికి వచ్చినట్టున్నాడు. ముందు గేటు దగ్గరి రెండు జతల ఆడవాళ్ల చెప్పులను చూశాడు, తర్వాత మమ్మల్ని చూశాడు. నేను ఎదురు వెళ్లి జరిగింది చెప్పాను. ఆకు సంగతి, సున్నం సంగతి, నా తొందర సంగతి, అన్నీ చెప్పాను. వాదన పెట్టుకుంటాడని మాటలు సిద్ధం చేసుకున్నాను.

"గా చిరిగిన సంచిల సున్నం ఏమన్న మిగిలిందా?" అన్నాడాయన.

నేను సంచి తెచ్చి ఇచ్చాను. తడిసి ముద్దకట్టిన సున్నాన్ని చిటికెలుగా నలిపి, సిమెంటు ఆగినచోటి నుంచి మొదలుపెట్టి, వంగి నడుస్తూ కొత్త గీత గీశాడు. అది దాదీ కూర్చున్నచోటికి రెండు గజాల దూరంలో పక్కకు ఒరిగి, ఆమెను చుట్టి వచ్చి, అవతల పాత గీతలో కలిసింది. పాత గీతను కాలితో చెరిపేశాడు.

"ఖాలా, నీకు గీ పక్క జాగ సరిపోతదా?"

"మస్తు బేటా. నేను సన్నగనె ఉన్న," అంది దాదీ.

ఆయన నవ్వు ఆపుకుని గేటు వైపు వెళ్లిపోయాడు. ఆ రోజు తర్వాత మా గల్లీ ఆడవాళ్లు ఒకరిద్దరు గేటు లోపలికి వెళ్లి రావడం మొదలుపెట్టారు. ఎవరూ వెళ్లమనలేదు, వద్దనీ అనలేదు.

దేవరుప్పుల ఖబ్రస్తాన్ సిమెంటు బాటకు నడుమ ఒక వంపు ఉంటుంది. మేస్త్రీకి గీత గీయడం రాలేదని కొత్తవాళ్లు నవ్వుతారు. జనాజా మోసేవాళ్లు అక్కడ కొంచెం నెమ్మదిగా తిరుగుతారు.

ఆగస్టులో ఆకులు బాగా వచ్చాక దాదీ నూరీ పక్కన తవ్వి ఒక పిల్లగడ్డను తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచు. నా వంతు వచ్చినంక నా తలకాడ పెట్టు. మొగోళ్లకు ఇయ్యకు. నువ్వే లోపటికి వచ్చి పెట్టాలె. ఈసారి ఏ చెట్టో జర సూస్కో."

అప్పటినుంచి ఆ గడ్డ జనగామలో నా గది కిటికీ దగ్గర రంగు డబ్బాలో ఉంది. ఎండాకాలమంతా అది ఒట్టి మట్టి డబ్బానే. ఇంటి ఓనరమ్మ రెండుసార్లు పారేయబోయింది. ఈ ఏడు మిరుగులో పెద్దవాన పడిన ఆరో రోజు కాడ లేచింది. ఒక పువ్వు కోసి, రుమాలులో చుట్టుకుని, దేవరుప్పుల బస్సెక్కాను. దాదీ చేతిలో పెట్టాను. ఆమె ఏమీ అనకుండా గ్లాసులో వేసి కిటికీలో పెట్టింది.

గడ్డ డబ్బాలోనే ఉంది. ఇంకా ఎన్నేళ్లయినా అక్కడే ఉండనీ.